బాడుగ లేని రాత్రీ నిద్ర పట్టట్లేదు.. మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. కర్నూలులో యాక్టింగ్ డ్రైవర్‌ని. ఓనర్లు ఫోన్ చేస్తేనే పని. ఒక్కోసారి బెంగళూరు నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేలోపే హైదరాబాద్ బాడుగ తగులుతుంది. ఒక్కోసారి వారమంతా ఖాళీ. అప్పుడూ నిద్ర పట్టదు. తల బరువు, కడుపులో మంట. మొన్న బీపీ 150/96 ఉంది. నిద్రమాత్ర వాడొచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: సొంతంగా వాడొద్దు. కొన్ని నిద్రమాత్రల మత్తు మర్నాటి దాకా వదలదు. తెల్లవారుజామున ఫోన్ వస్తే మీరు కాదనలేరు కదా! జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలతోనూ ఇదే ప్రమాదం.

ఖాళీ రోజున నిద్ర రాకపోవడం మీ తప్పు కాదు. ఏ క్షణమైనా ఫోన్ మోగొచ్చని తెలిస్తే, మోగకపోయినా నిద్ర గాఢంగా పట్టదు. రేపటి కూలి దిగులు దానికి తోడు. ఇంట్లో ఉన్న రోజుల్లో రాత్రి 10 నుంచి 3 వరకైనా ఫోన్ ఆపేసి పడుకోండి. తక్కువైన నిద్ర పగలు తీర్చుకోండి. ఓనర్లకు ముందే చెప్పండి. కొన్ని బాడుగలు పోతాయి. ఇల్లు గడవాల్సిన మనిషికి ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది.

అయినా చెప్పక తప్పదు. 17 గంటలు మేలుకున్న మనిషి తడబాటు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి తడబాటుతో సమానమని పరిశోధనల్లో తేలింది. మన చట్టం డ్రైవర్‌కు పెట్టిన హద్దు 0.03 శాతమే. అంటే చుక్క ముట్టకుండానే మీరు ఆ హద్దు దాటేస్తున్నారు. బెంగళూరు నుంచి వచ్చిన రోజే హైదరాబాద్ ఒప్పుకోకండి. దారిలో రెప్పలు వాలుతుంటే టీ, కిటికీ గాలి కాసేపే పనిచేస్తాయి. దాబా దగ్గర ఆపి 20 నిమిషాలు పడుకోండి. లేచాక కాసేపు నడిచి, అప్పుడు స్టీరింగ్ పట్టండి. ఓనర్లకూ ఒక మాట: పిలిచే ముందు ‘ఎంతసేపు పడుకున్నావు?’ అని అడగండి. వెనక సీట్లో కూర్చునేది మీ పిల్లలే.

ఒక్కసారి చూసిన లెక్కతో బీపీ ఉందని తేల్చలేం. దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో వేర్వేరు రోజుల్లో, ఐదు నిమిషాలు కూర్చున్నాక చూపించుకోండి. 140/90 దాటే ఉంటుంటే వైద్యం మొదలుపెట్టాలి. షుగర్ పరీక్షా చేయించండి. ఖాళీ కడుపుతో టీలు తగ్గిస్తే మంట కొంత నెమ్మదించొచ్చు. గురక ఎక్కువగా ఉందా, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతోందా అని మీ ఆవిడను అడిగి డాక్టరుకు చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుంటే బీపీకి, పగటి కునుకుకు అదే కారణం కావొచ్చు. దానికి వైద్యం ఉంది. ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా మాత్రం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.