రిమోట్ కారుకు త్రీఎస్ బ్యాటరీ వేశాక మోటారు కాలిన వాసన: సమాధానం
అమలాపురం కాలువ గట్టు మీద మీ రిమోట్ కారు నడిపిన ఐదు నిమిషాలకే మోటారు కాలిన వాసన వచ్చి, స్పర్ గేరు (మోటారు తిప్పే పెద్ద పళ్ల చక్రం) పళ్లు అరిగిపోవడానికి కారణం చాలావరకు మీరు వేసిన త్రీఎస్ (మూడు సెల్స్ వరుసగా కలిపిన) బ్యాటరీయే. 7.4 వోల్టుల కారుకు 11.1 వోల్టులు అందితే మోటారు ఒకటిన్నర రెట్ల వేగంతో తిరగబోతుంది.

1. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం) త్రీఎస్‌ను తట్టుకోలేనిదైతే పాత బ్యాటరీనే వాడండి.

2. చాలామంది మరిచేది పినియన్, అంటే మోటారు ఇరుసుకు ఉండే చిన్న పళ్ల చక్రం. వోల్టేజీ పెంచినప్పుడు తక్కువ పళ్ల పినియన్ వేయాలి. లేకపోతే ఆ భారమంతా మోటారు మీదే పడుతుంది. పినియన్‌కూ కొత్త స్పర్‌కూ మధ్య సన్నని కాగితం ముక్క నలిగేలా పెట్టి, మోటారు స్క్రూలు బిగించి, ఆపై కాగితాన్ని తీసేస్తే సరైన సందు మిగులుతుంది.

3. తడి ఒండ్రు చక్రాలకు పట్టేస్తుంది కనుక మూడు నిమిషాలకోసారి ఆపి చూడండి. మోటారు వేడి 80 డిగ్రీలకు చేరితే పూర్తిగా చల్లారనివ్వండి.

పిల్లలు దిగే రేవుల దగ్గర మాత్రం దయచేసి నడపకండి. ఒకటిన్నర రెట్ల వేగంలో తగిలే దెబ్బ శక్తి మునుపటికి రెండు రెట్లకు పైనే ఉంటుంది.