భర్త ఐరిష్ పౌరుడు, ఉద్యోగం నెదర్లాండ్స్‌లో: భార్యకు ఏ హక్కులుంటాయి?

ప్రశ్న: మాది గుంటూరు. 2021లో మా పెళ్లి జరిగే నాటికే మా వారు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నారు. 2024లో ఆయనకు ఐర్లాండ్ పౌరసత్వం వచ్చింది. భారత పాస్‌పోర్టు వదులుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చేది) తీసుకున్నారు. మామగారి అనారోగ్యం వల్ల నేను ఇక్కడే ఉండిపోయాను. ఇప్పుడు మా వారికి నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం వచ్చి అక్కడికి మారారు. నాది భారత పాస్‌పోర్టే. వీసా దరఖాస్తు కేంద్రానికి వెళితే రుసుము, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ప్రయాణ బీమా, తిరుగు టికెట్ అడిగారు. డచ్ భాష పరీక్ష రాయాలని ఒకరు, భర్త జీతం ఇంతకు తగ్గకూడదని ఇంకొకరు చెబుతున్నారు. అక్కడ నివాస కార్డు వచ్చాక ఇతర దేశాలకు, ముఖ్యంగా డబ్లిన్‌కు, వీసా లేకుండా వెళ్లవచ్చా? మామగారు పోయాక అత్తగారు ఒంటరి అయ్యారు. ఆమెను కూడా తీసుకెళ్లే వీలుందా?

జవాబు: మీకు సలహా ఇచ్చినవాళ్లు అబద్ధం చెప్పలేదు. కాకపోతే వాళ్లు చెప్పింది వేరేవాళ్లకు వర్తించే దారి. మీకు వర్తించేది ఐరోపా సమాఖ్య 2004 ఏప్రిల్ 29న తెచ్చిన 2004/38 డైరెక్టివ్, అంటే సభ్య దేశాలు అమలు చేయాల్సిన చట్టం. సమాఖ్య పౌరుడు తన సొంత దేశం కాని మరో సభ్య దేశానికి వెళ్లి స్థిరపడితే, అతని భార్య లేదా భర్త ఏ దేశస్థులైనా సరే, అతని వెంట వెళ్లడానికి, అక్కడ ఉండడానికి, పని చేసుకోవడానికి హక్కు ఉంటుందని ఈ చట్టం చెబుతుంది. ఇది అధికారి దయతో ఇచ్చే అనుమతి కాదు. ఈ సంగతి మనసులో పెట్టుకునే కౌంటరు ముందు నిలబడండి.

మీ వారు డబ్లిన్‌లోనే ఉండి ఉంటే ఈ హక్కు మీకు వచ్చేది కాదు. ఐరిష్ పౌరుడు ఐర్లాండ్‌లోనే ఉంటే అతని భార్య రాకను ఐర్లాండ్ సొంత నిబంధనలు నిర్ణయిస్తాయి. ఆయన సరిహద్దు దాటి ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగంలో చేరడంతో మీ ఇద్దరూ ఐరోపా చట్టం కిందికి వచ్చారు. ఆ వీధిలోనే ఉండే డచ్ పౌరుడు గుంటూరు అమ్మాయిని పెళ్లి చేసుకుని తీసుకెళ్లాలంటే ఆ అమ్మాయి ఇక్కడే ప్రాథమిక డచ్ పరీక్ష పాసవాలి, దీర్ఘకాల నివాసానికి ముందస్తు వీసా తెచ్చుకోవాలి, భర్త ఆదాయ పరిమితిని చూపాలి. పరాయి దేశం నుంచి వచ్చిన మీ వారికి ఇవేవీ లేవు. సొంత పౌరుడి కంటే పొరుగు పౌరుడికి ఎక్కువ వెసులుబాటు ఉండడం వింతగా తోచవచ్చు. కానీ చట్టం ఉన్నది అలాగే. మీ వారు ఉద్యోగి కాబట్టి జీతం ఇంత ఉండాలన్న షరతు కూడా లేదు. తగిన ఆదాయ వనరులు, పూర్తి ఆరోగ్య బీమా చూపాల్సింది ఉద్యోగం లేకుండా ఉండేవాళ్లు, విద్యార్థులు.

ఇక వీసా. మీకు స్వల్పకాల ప్రవేశ వీసా మాత్రం అవసరమే. అయితే ఐదో అధికరణ ప్రకారం దాన్ని ఉచితంగా, వీలైనంత త్వరగా, వేగవంతమైన పద్ధతిలో ఇవ్వాలి. 2024 జూన్ నుంచి మామూలు షెంగెన్ (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన ఐరోపా దేశాల కూటమి) వీసాకు పెద్దవారు కడుతున్న 90 యూరోలు మీరు కట్టనక్కర్లేదు. దరఖాస్తు ఫారంలో కొన్ని గడుల పక్కన నక్షత్రం (*) గుర్తు ఉంటుంది. సమాఖ్య పౌరుల కుటుంబ సభ్యులు వాటిని నింపనవసరం లేదని ఆ ఫారం మీదే రాసి ఉంటుంది. ఉద్యోగం, ఖర్చులు ఎవరు భరిస్తారు వంటి ప్రశ్నలన్నీ ఆ గడుల్లోనే ఉంటాయి. మీరు రుజువు చేయాల్సినవి మూడే: ఆయన ఐరిష్ పౌరుడని, మీరు ఆయన భార్య అని, ఆయన ఐండ్‌హోవెన్‌లో ఉంటుండగా మీరు ఆయన దగ్గరికే వెళుతున్నారని. బ్యాంకు స్టేట్‌మెంటు, ప్రయాణ బీమా అడగడానికి ఆధారం లేదు. తిరుగు టికెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాపురానికి వెళుతున్న మనిషి తిరిగి వచ్చేస్తానని ఎందుకు నిరూపించాలి?

దరఖాస్తు కేంద్రం సిబ్బంది నిర్ణయాధికారులు కారు. వాళ్ల చేతిలో ఉండేది పర్యాటకుల జాబితా. అందుకని వాదనకు దిగకుండా, ఒక పేజీ లేఖలో ఈ డైరెక్టివ్ పేరు, ఐదో అధికరణ పేర్కొని, మీ వారి పాస్‌పోర్టు నకలు, ఉద్యోగ ఒప్పందం, ఐండ్‌హోవెన్ మున్సిపాలిటీలో నమోదైన పత్రం, పెళ్లి ధ్రువపత్రం జతచేయండి. కేంద్రం తీసుకునే సేవా రుసుము వేరు. అది కట్టడం ఇష్టం లేకపోతే కాన్సులేట్‌కే నేరుగా దరఖాస్తు ఇచ్చే వీలు కుటుంబ సభ్యులకు ఉండాలని యూరోపియన్ కమిషన్ వీసా మార్గదర్శిని చెబుతుంది. నాలుగు వారాలకు మించిన జాప్యం సమంజసం కాదని కమిషన్ 2009లోనే స్పష్టం చేసింది.

నా అనుభవంలో మన రాష్ట్రాల దరఖాస్తులు ఆగేది చట్టం దగ్గర కాదు, పెళ్లి ధ్రువపత్రం దగ్గర. మీ పత్రాన్ని ఇప్పుడే ముందు పెట్టుకుని చూడండి. ముహూర్తం రాత్రి రెండు గంటలకైతే శుభలేఖలో 12వ తేదీ రాత్రి అని వేస్తారు. క్యాలెండర్ ప్రకారం అది 13వ తేదీ. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఒక తేదీ, వీసా ఫారంలో ఇంకో తేదీ ఉంటే అక్కడి అధికారికి అర్థం కాదు, అనుమానం వస్తుంది. ఫారంలో ధ్రువపత్రంలో ఉన్న తేదీనే రాయండి. రెండోది ఇంటిపేరు. పెళ్లి పత్రంలో ఆయన పేరు ముందు ఒక్క అక్షరం, ఐరిష్ పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు చివర, మీ పాస్‌పోర్టులో ఇంకా మీ పుట్టింటి పేరు. ఇది మనకు మామూలు విషయం. పరాయి దేశపు గుమాస్తాకు మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తారు. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో సవరణ కుదిరితే అదే మేలు. కుదరకపోతే ఆ పేర్లన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ చేయించండి. మీ పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు చేర్పించుకుంటే ఇంకా బలం. ఆ తర్వాత పెళ్లి పత్రానికి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (ఒప్పందంలోని ఇతర దేశాల్లో చెల్లే ధ్రువీకరణ) వేయించండి. మన దేశం 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి నెదర్లాండ్స్ కోసం రాయబార కార్యాలయం చుట్టూ తిరిగే పని ఉండదు.

వెళ్లాక మొదటి మూడు నెలలు పాస్‌పోర్టు తప్ప మరే షరతూ లేదు. ఆపైన ఉండడానికి నివాస కార్డు కోసం డచ్ వలస విభాగం ఐఎన్‌డీకి దరఖాస్తు ఇవ్వాలి. మున్సిపాలిటీలో పేరు నమోదు వేరే పని, దాన్ని వెళ్లిన వెంటనే చేయించండి. దరఖాస్తు అందగానే రసీదు, ఆరు నెలల్లోపు కార్డు ఇవ్వాలి. కార్డుకు అక్కడి పౌరులు గుర్తింపు కార్డుకు కట్టేదానికంటే ఎక్కువ వసూలు చేయకూడదు. సాధారణంగా కార్డు గడువు ఐదేళ్లు. ఇంకో మాట: మీ హక్కు కార్డుతో పుట్టదు, కార్డు దాన్ని చూపిస్తుందంతే. ఉద్యోగం చేసుకునే హక్కు కూడా ఇందులోనే ఉంది, విడిగా పర్మిట్ అవసరం లేదు.

నేరుగా గుంటూరు నుంచి వచ్చారు, ఇంతకు ముందు మరో ఐరోపా దేశంలో చట్టబద్ధంగా ఉండలేదు అని ఎవరైనా అభ్యంతరం చెబితే ఒకే పేరు చాలు: మెటాక్ కేసు. ఒకప్పుడు ఐర్లాండే ఆ షరతు పెట్టేది. లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం 2008 జూలైలో అది చెల్లదని తేల్చింది.

ప్రయాణాల దగ్గర జాగ్రత్తగా చదవండి. చేతిలో కార్డు, చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు ఉంటే, భర్త వెంట లేదా భర్త దగ్గరికి వెళుతున్నప్పుడు ఇతర సభ్య దేశాలకు వీసా అక్కర్లేదు. నెదర్లాండ్స్ షెంగెన్ దేశం కాబట్టి పారిస్‌కో బెర్లిన్‌కో మీరు ఒక్కరే వెళ్లినా, 180 రోజుల్లో 90 రోజుల పరిమితిలో ఇబ్బంది లేదు. ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు. అక్కడికి మాత్రం భర్తతో ఉన్నప్పుడో, ఆయన అక్కడ ఉండగా కలుసుకోవడానికో అయితేనే ఈ మినహాయింపు. ఐర్లాండ్ ఆయన సొంత దేశం కదా, అక్కడికీ చెల్లుతుందా అన్న సందేహం సహజమే. 2014 డిసెంబరులో మెకార్తీ కేసులో ఆ ప్రశ్నే వచ్చింది. భర్తకు బ్రిటిష్, ఐరిష్ పౌరసత్వాలు రెండూ ఉన్నాయి. స్పెయిన్‌లో ఆయనతో ఉంటున్న కొలంబియా దేశపు భార్య, స్పెయిన్ ఇచ్చిన కార్డుతో భర్త సొంత దేశమైన బ్రిటన్‌లో ప్రవేశించవచ్చని కోర్టు చెప్పింది. కాబట్టి డబ్లిన్‌కు భర్తతో కలిసి వెళ్లండి. విమానాశ్రయం కౌంటరులో వాదన తప్పాలంటే పెళ్లి పత్రం దగ్గర ఉంచుకోండి. బ్రిటన్ ఇప్పుడు సమాఖ్యలో లేదు, లండన్‌కు వీసా తప్పదు. అన్నిటికంటే ముఖ్యం: దరఖాస్తు రసీదుకు ఈ వీసా మినహాయింపు లేదు. కార్డు చేతికి రాకముందే ఇండియాకు టికెట్ కొని, తిరుగు ప్రయాణంలో చిక్కుకోవద్దు.

కొన్నేళ్ల తర్వాత మీ వారు డబ్లిన్‌కే తిరిగి వెళితే? ఆ దారి తెరిచింది ఒక భారతీయుడి కేసే. సురీందర్ సింగ్ బ్రిటిష్ మహిళను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరూ జర్మనీలో పనిచేసి బ్రిటన్ తిరిగొచ్చారు. అలా తిరిగొచ్చిన పౌరురాలి భర్తకు ఐరోపా చట్టం రక్షణ ఇవ్వాల్సిందేనని 1992లో తీర్పు వచ్చింది. అయితే పరాయి దేశంలో నివాసం నిజమైనదై ఉండాలని, మూడు నెలలు మించి అక్కడ స్థిరపడి కాపురం చేసి ఉండాలని 2014లో కోర్టు స్పష్టం చేసింది. వారాంతపు రాకపోకలు లెక్కకు రావు. "మూడు నెలలు అద్దెకు ఉండి వచ్చేయండి, పని అయిపోతుంది" అనే ఏజెంట్ల మాట నమ్మవద్దు.

అత్తగారి విషయంలో తొందరపడి ఆశ పెంచుకోవద్దు, వదులుకోవద్దు కూడా. పౌరుడి తల్లిదండ్రులే కాదు, భార్య తల్లిదండ్రులు కూడా ఈ చట్టంలో కుటుంబ సభ్యులే. కానీ ఒక షరతు ఉంది, వాళ్లు ఆధారపడినవారై ఉండాలి. 2007 నాటి జియా కేసులో కోర్టు దీనికి కొలత చెప్పింది: సొంత దేశంలో ఉండగా కనీస అవసరాలు తీరడానికి కొడుకు లేదా కోడలి సాయం నిజంగా అవసరమై ఉండాలి. "ఇకపై మేమే చూసుకుంటాం" అన్న హామీపత్రం ఒక్కటే చాలదు. మీ అత్తగారికి కుటుంబ పింఛను, ఇంటి అద్దె వస్తుంటే, దాంతో ఆమెకు గడుస్తుంటే దరఖాస్తు నిలవడం కష్టం. ఆదాయం లేక మీ వారు నెలనెలా పంపే డబ్బుతోనే మందులు, సరుకులు, కరెంటు బిల్లు గడుస్తుంటే ఆ లావాదేవీలన్నీ బ్యాంకు ద్వారానే జరగాలి. చుట్టాల చేతికిచ్చి పంపిన నోట్లకు సాక్ష్యం ఉండదు. ఈ నెల నుంచే పద్ధతి మార్చి, ఆసుపత్రి బిల్లులు దాచండి. మరుదులు, ఆడపడుచులకు ఇంత హక్కు లేదు. ఆధారపడినవారైతే వాళ్ల దరఖాస్తును సానుకూలంగా పరిశీలించమని మాత్రమే చట్టం అంటుంది.

మీరు అడగకపోయినా ఇవి కూడా చెప్పాలి. ఐదేళ్లు ఎడతెగకుండా చట్టబద్ధంగా ఉంటే శాశ్వత నివాస హక్కు వస్తుంది. ఏడాదిలో మొత్తం ఆరు నెలలకు మించకుండా ఇండియాలో ఉంటే ఆ లెక్క తెగదు. గర్భం, ప్రసవం, తీవ్ర అనారోగ్యం వంటి ముఖ్యమైన కారణానికి ఒకసారి వరసగా 12 నెలల వరకు బయట ఉండవచ్చు. పురిటికి పుట్టింటికి రావాలనుకునేవారికి ఇది పెద్ద ఊరట. ఆ కాగితాలు జాగ్రత్త చేయండి.

కష్టమొచ్చినప్పుడు దేశం నుంచి పంపించేస్తారన్న భయంతో హింసను భరిస్తున్న మన అమ్మాయిలు ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. విడాకుల దరఖాస్తు నాటికి పెళ్లయి మూడేళ్లు, అందులో ఏడాది ఆ దేశంలో గడిచి ఉంటే భార్య నివాస హక్కు నిలుస్తుంది. గృహహింస ఉంటే ఆ గడువు పూర్తికాకపోయినా నిలుస్తుంది. ఆ తర్వాత తన ఉద్యోగం లేదా ఆదాయం చూపించుకోవాలి. ఒక మెలిక ఉంది. విడాకుల కేసు వేయకముందే భర్త ఆ దేశం వదిలి వెళ్లిపోతే హక్కు పోతుందని 2015లో కోర్టు చెప్పింది. గృహహింస కేసుల్లో 2021లో దీన్ని సడలించింది, అయినా భర్త వెళ్లాక సమంజసమైన సమయంలో కేసు వేయాలి. అందుకే ఇలాంటి స్థితిలో ఉన్నవారు ఆలస్యం చేయకుండా స్థానిక న్యాయవాదిని కలవాలి.

మీ దరఖాస్తును తిరస్కరిస్తే కారణాలు లిఖితపూర్వకంగా ఇవ్వాలి, అప్పీలు అవకాశం ఉండాలి. కౌంటరులో నోటి మాటగా కుదరదంటే దాన్నే కాగితం మీద రాసివ్వమని అడగండి. అప్పీలు గడువును ఆ కాగితం మీది తేదీని బట్టి చూసుకోండి. దానికి సమాంతరంగా, మీ వారు ఐరిష్ పౌరుడి హోదాలో సాల్విట్ అనే సమాఖ్య ఉచిత సేవకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపవచ్చు. అది సంబంధిత దేశాల ప్రభుత్వ విభాగాల మధ్యే మాట్లాడి, మామూలుగా పది వారాల్లో పరిష్కారం కోసం ప్రయత్నిస్తుంది. అక్కడ ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన అప్పీలు గడువు ఆగదు కాబట్టి రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.