పాత మస్టాంగ్‌కు ఇంట్లోనే మరమ్మతు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేను ఒహాయోలో ఉంటున్నాను. ఒక పొలంలోని కొట్టంలో ఇరవై ఏళ్లకు పైగా కదలకుండా పడి ఉన్న 1966 ఫోర్డ్ మస్టాంగ్‌ను ఈ మధ్యే కొన్నాను. అందులో 289 వి8 (289 ఘనపు అంగుళాల, ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ ఉంది. శని, ఆదివారాలు మాత్రమే నాకు వీలవుతుంది. ముందు భాగాలన్నీ విప్పేసి, ఒక్కొక్కటీ శుభ్రం చేసుకుంటూ పోవాలనుకుంటున్నాను. ఈ పద్ధతి సరైనదేనా?

జవాబు: దయచేసి ఇప్పుడే విప్పకండి. ఇళ్లలో మొదలై మధ్యలో ఆగిపోయిన పాత కార్లలో చాలావాటిని దెబ్బతీసింది తుప్పు కాదు, తొందరపడి విప్పడమే. నా మొదటి కారును నేను ఒక్క నెలలో పూర్తిగా విప్పేశాను. రెండేళ్ల తర్వాత డబ్బాల నిండా ఉన్న బోల్టులను ముందు పెట్టుకుని కూర్చుంటే, తలుపు కీలుకు బిగించేది ఏదో, ఫెండరుకు (చక్రం మీది రేకుకు) బిగించేది ఏదో తేల్చుకోలేకపోయాను. చివరికి ఆ కారును ముక్కలుగానే అమ్ముకోవలసి వచ్చింది. ఆ బాధ మీకు కలగకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

మొదటి రెండు వారాలు పానాల పెట్టె జోలికి పోకుండా, కారు అసలు ఏమిటో తెలుసుకోవడానికి కేటాయించండి. బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు ఫెండరు లోపలి రేకు మీద గుద్దిన నంబరు కనిపిస్తుంది. అది 6టి07సి అని మొదలైతే, 6 అంటే 1966 మోడల్, టి అంటే న్యూజెర్సీలోని మెటచెన్ ఫ్యాక్టరీ, 07 అంటే హార్డ్‌టాప్ (కదలని గట్టి పైకప్పు ఉన్న) బాడీ, సి అంటే రెండు నోళ్ల కార్బురేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపి పంపే భాగం) ఉన్న 289 ఇంజిన్ అని అర్థం. అయిదో స్థానంలో సి కి బదులు టి ఉంటే, ఫ్యాక్టరీ నుంచి అది ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో వచ్చిందనీ, వి8 ను తర్వాత ఎవరో అమర్చారనీ గ్రహించాలి. అలాంటప్పుడు వెంటనే చక్రాలు చూడండి. ఆ రోజుల్లో ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కు ఒక్కో చక్రానికి నాలుగు నట్లు, వి8 కు అయిదు నట్లు ఉండేవి. నాలుగే కనిపిస్తే, బ్రేకులూ వెనుక ఇరుసూ తేలికపాటి ఇంజిన్ కోసం చేసినవే ఇంకా ఉన్నాయన్నమాట. ఏ భాగం కొనాలన్నా ఈ సంగతి ముందుగా తేలాలి. తలుపు మీద ఇవే వివరాలు ఉండే పలకను నమ్ముకోకండి, దాన్ని మార్చడం కష్టమేమీ కాదు.

ఆ తర్వాత విప్పడం మొదలుపెట్టినా, ఒక విభాగం పూర్తిగా ముగిసే వరకు రెండోదాన్ని ముట్టుకోకండి. విప్పే ముందు ఫొటో తీయండి. తీసిన బోల్టులను చిన్న సంచిలో వేసి, అవి ఎక్కడివో చీటీ మీద రాసి అందులోనే పెట్టండి. విరిగినదైనా, తుప్పు తినేసినదైనా పాత భాగాన్ని పారేయవద్దు, ఎందుకంటే కొత్తగా తయారై వచ్చే భాగం సరిగ్గా కూర్చోకపోతే కొలత చూసుకోవడానికి మీకు మిగిలేది అదొక్కటే.

ప్రశ్న: కాళ్ల కింది రేకు రెండు వైపులా చిల్లులు పడింది. పైన ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ పోస్తే సరిపోతుందని ఒక మిత్రుడు చెప్పారు. నిజమేనా?

జవాబు: సరిపోదు, పైగా ప్రమాదకరం. మస్టాంగ్‌కు విడిగా ఛాసిస్ లేదు. బాడీయే బరువు మోస్తుంది, ఆ మోతలో కాళ్ల కింది రేకుకు కూడా భాగం ఉంది. రెజిన్ తుప్పును కప్పిపెడుతుందే గానీ బలం ఇవ్వదు, దాని కింద చేరిన తేమ మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

అంతకన్నా ముందు, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో కనిపెట్టాలి. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర గాలి లోపలికి పోవడానికి సన్నని చీలికల వరుస ఉంటుంది. దాని అడుగున లోపలి గాలిమార్గం చుట్టూ గిన్నె అంచులాగా నిలబడిన రేకు కట్ట ఉంటుంది. వాన నీరు ఆ అంచు దాటి లోపలికి రాకుండా పక్కలకు పారిపోవాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. ఏళ్ల తరబడి ఆకులూ మట్టీ పేరుకుని ఆ కట్ట మొదలు తుప్పు పట్టిపోవడం ఆ కాలపు మస్టాంగ్‌లన్నింటికీ ఉన్న జబ్బు. ఒకరిని నెమ్మదిగా చెంబుతో ఆ చీలికల మీద నీళ్లు పోయమని, మీరు టార్చిలైటు పట్టుకుని డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకోండి. తుప్పు నీటి చుక్క ముందు ఒకటి మెరుస్తుంది, తర్వాత తీగలాగా కారుతుంది. అది కనిపించిందంటే, పై రేకును పట్టి ఉంచిన స్పాట్ వెల్డులను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలిచి, రేకును లేపి, లోపల బాగు చేయక తప్పదు. ఓపిక పరీక్షించే పనే అయినా, దీన్ని వదిలేసి కింద కొత్త రేకు వేస్తే, నాలుగు వానలకే మళ్లీ మొదటికొస్తుంది.

కింది రేకు కోసే ముందు తలుపు ఖాళీలకు అడ్డంగా ఇనుప గొట్టాలు తాత్కాలికంగా వెల్డు చేసి, మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిచి రాసి పెట్టుకోండి. ఈ ఊతం లేకుండా కోస్తే బాడీ కుంగుతుంది, ఆ తర్వాత తలుపులు ఏ జన్మకూ సరిగ్గా మూసుకోవు. రెండు వైపులూ ఒకేసారి కోయవద్దు. సన్నని రేకు కాబట్టి మిగ్ (తీగ దానంతటదే అందుతూ కరిగే) వెల్డింగ్‌లో 0.6 మిల్లీమీటర్ల తీగ, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాసు వాడండి. గీత గీసినట్టు ఏకధాటిగా వెల్డు చేయకుండా, ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టుకుంటూ, చల్లారనిచ్చి మళ్లీ మధ్య ఖాళీలు నింపుకుంటూ వస్తే రేకు వంకర పోదు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీసేయండి, పెట్రోలు ట్యాంకును కూడా దించి దూరంగా పెట్టండి. ఈ కారులో ట్యాంకు పైభాగమే డిక్కీ నేల కాబట్టి, నిప్పురవ్వ ఎంత దగ్గరలో పడుతుందో మీరే ఊహించుకోవచ్చు.

ఇంకొక హెచ్చరిక ఉంది, దీన్ని దయచేసి మరచిపోవద్దు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనరుతో రేకు తుడిచి, తడి ఆరకముందే వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కొద్ది మోతాదైనా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. డబ్బా మీద రాసినది చదివి, క్లోరిన్ లేనిదే కొనండి. అలాగే, తుప్పు వదిలించడానికి వాషింగ్ సోడా నీటిలో కరెంటు పంపే పద్ధతి చిన్న భాగాలకు బాగా పనిచేస్తుంది గానీ, అందులో రెండో కడ్డీగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడవద్దు. విషపూరితమైన క్రోమియం నీటిలో చేరుతుంది. మామూలు ఇనుము చాలు. హైడ్రోజన్ కూడా వెలువడుతుంది కాబట్టి గ్యారేజీ తలుపు తెరిచి ఉంచండి.

ప్రశ్న: ఇదే కారుకు కొత్త బ్యాటరీ పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేసి చూడవచ్చా?

జవాబు: వద్దు. తుప్పు పట్టుకున్న పిస్టన్ రింగులను స్టార్టర్ మోటారు బలవంతంగా లాగితే సిలిండరు గోడలు గీరుకుపోతాయి. ఎనిమిది స్పార్క్ ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రంలో రెండు మూడు చెంచాల తుప్పు వదిలించే నూనె పోసి, కొన్ని రోజులు నాననివ్వండి. తర్వాత పొడవాటి పిడితో ఇంజిన్ ముందున్న క్రాంక్ బోల్టును చేత్తో తిప్పండి. కదలకపోతే మళ్లీ నూనె, మళ్లీ నిరీక్షణ, అంతే గానీ మీ బరువంతా పిడి మీద వేయవద్దు.

తేలికగా తిరుగుతోందంటే పాత ఆయిలు, ఫిల్టరు మార్చండి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ విప్పితే ఆయిల్ పంపును తిప్పే ఆరు పలకల కడ్డీ కనిపిస్తుంది. దాన్ని డ్రిల్లుతో అపసవ్య దిశలో తిప్పి, బేరింగులన్నింటికీ ఆయిలు చేరనిచ్చిన తర్వాతే స్టార్ట్ చేయాలి. ప్లగ్గు వైర్లు 1-5-4-2-6-3-7-8 వరుసలో ఉండాలి. పాత పెట్రోలును ఒక్క బొట్టు కూడా వాడకండి. రబ్బరు గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చండి, ఎందుకంటే నేటి పంపుల్లో దొరికే పెట్రోలులో సాధారణంగా పది శాతం వరకు అది కలిసి ఉంటుంది, 1966 నాటి రబ్బరు దానికోసం చేసినది కాదు.

సీసం కలిపిన పెట్రోలు లేక వాల్వు సీట్లు (వాల్వులు మూసుకుని ఆనే అంచులు) అరిగిపోతాయని చాలామంది భయపడుతుంటారు. అమెరికా రోడ్ల మీది వాహనాలకు ఆ పెట్రోలు 1996 నుంచి నిషిద్ధం. మీలాగా వారానికొకసారి నెమ్మదిగా నడిపేవారికి అది తక్షణ సమస్య కాదు, ఎప్పుడైనా సిలిండర్ హెడ్ విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించుకుంటే చాలు. జింకు ఎక్కువగా ఉన్న ఇంజిన్ ఆయిలు మాత్రం మొదటి రోజు నుంచే వాడండి, ఈ ఇంజిన్‌లో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు అరగకుండా కాపాడేది అదే.

ప్రశ్న: బ్రేకులు పాతవే ఉంచుకుంటే కారుకు విలువ ఎక్కువ అంటారు. మీ సలహా ఏమిటి? పెయింటు కూడా ఇంట్లోనే వేసుకోవచ్చా?

జవాబు: 1966 మస్టాంగ్ మాస్టర్ సిలిండరులో (పెడల్ తొక్కితే బ్రేకు నూనెను చక్రాలకు నెట్టే భాగంలో) నాలుగు చక్రాలకూ కలిపి ఒకే అర ఉంటుంది. ఏ ఒక్క గొట్టం పగిలినా పెడల్ నేలకు తగిలిపోతుంది, ఏ చక్రమూ ఆగదు. 1967 మోడల్ నుంచి ఫోర్డ్ రెండు అరలది అమర్చింది. మీరూ దాన్నే వేయించుకోండి. పాతదాన్ని గుడ్డలో చుట్టి దాచుకుంటే, తర్వాతి యజమాని కావాలనుకుంటే తిరిగి బిగించుకుంటారు. డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి దుమ్మును గాలితో ఊదవద్దు, పాత బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టండి.

పెయింటు విషయంలో, గీకడం, టింకరింగ్, పుట్టీ, ప్రైమరు రుద్దడం వరకు అన్నీ ఇంట్లో చేసుకోవచ్చు. పాత పొరల్లో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా రుద్దకుండా నీళ్లతో రుద్దండి. చివరి కోటు మాత్రం బయట పెయింటు గది ఉన్నవారి చేత వేయించండి. నేటి రెండు భాగాల పెయింట్ల గట్టిదనానికి కారణమైన ఐసోసయనేట్లు ఆస్తమా తెచ్చిపెడతాయి, మామూలు ముసుగు వాటి నుంచి నమ్మకమైన రక్షణ ఇవ్వదు. ఆ పని చేసేవారు బయటి నుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందించే ముసుగు వాడతారు. అది లేని గ్యారేజీలో, అందులోనూ పిల్లలు పడుకునే గదికి ఆనుకుని ఉన్న గ్యారేజీలో, ఆ స్ప్రే గన్ను చేతిలోకి తీసుకోకండి.