బీపీ లేని మనిషికి బీపీ మందు ఎందుకు?

ప్రశ్న: మా వదినకి చాలా ఏళ్లుగా పార్శ్వపు నొప్పి. వచ్చినప్పుడల్లా ఎర్గోటమైన్ మాత్ర వేసుకుంటుంది. మొన్న గొంతు ఇన్ఫెక్షన్‌కి వేరే డాక్టరు క్లారిత్రోమైసిన్ రాశారు, అదీ వాడింది. మూడో రోజుకి రెండు పాదాలూ మంచులా చల్లబడి నీలంగా మారాయి. ఐసీయూలో సోడియం నైట్రోప్రుసైడ్ ఎక్కిస్తున్నారు. అది బీపీ తగ్గించే మందట, ఆమెకి బీపీ లేదు. పొరపాటున ఇస్తున్నారేమోనని ఒకటే టెన్షన్.
– ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: సరైన మందే ఇస్తున్నారమ్మా, ధైర్యంగా ఉండండి. రక్తనాళాల గోడల్లో ఉండే కండరాన్ని సడలించడం దాని పని, నాళాలు వదులైతే బీపీ తగ్గుతుంది కాబట్టి బీపీ మందు అని పేరు పడింది. మీ వదినకి ఇప్పుడు కావలసింది ఆ సడలింపే. ఎర్గోటమైన్ కాళ్లూ చేతుల్లోని ధమనుల్ని బిగించేస్తుంది. మామూలుగా లివర్ దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంది, కానీ ఆ పని చేసే ఎంజైమునే క్లారిత్రోమైసిన్ అడ్డుకుంటుంది కాబట్టి ఎప్పుడూ వేసుకునే మోతాదే విషమైపోయింది. ఎరిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఇట్రాకొనజోల్ (ఫంగస్ మందు), రిటోనావిర్ (హెచ్ఐవీ మందు)లతోనూ ఇదే ప్రమాదం.

ఎర్గోటమైన్‌ని 1918లో రై అనే గోధుమలాంటి ధాన్యపు గింజల మీద పెరిగే ఎర్గాట్ బూజు నుంచి వేరుచేశారు. ఆ గింజల రొట్టె తిని పాత కాలపు యూరప్‌లో జనం కాళ్లు నల్లబడి ఊడిపోయేవి. మన సజ్జ కంకులకి తేనెబంక తెగులు తెచ్చే బూజు దీని చుట్టమే, దాని విషం మాత్రం ఎక్కువగా వాంతులూ మత్తూ తెస్తుంది.

ఇప్పుడు ఎక్కిస్తున్న నైట్రోప్రుసైడ్ సీసాకి వెండి రంగు కాగితం చుట్టి ఉండటం చూసే ఉంటారు. వెలుతురు తగిలితే ఆ మందు పాడైపోతుంది. ఎక్కించడం మొదలుపెట్టిన నిమిషాల్లోనే పనిచేస్తుంది, ఆపితే అంతే త్వరగా దిగిపోతుంది, అందుకే బీపీ మరీ పడిపోకుండా ఐసీయూలో కళ్లు పెట్టుకుని చూస్తూ చుక్కచుక్కా సరిచేస్తారు. ఎక్కువసేపు ఎక్కువ మోతాదులో పోతే ఒంట్లో సైనైడ్ పేరుకుంటుంది, కాబట్టి రోజుల తరబడి ఇవ్వరు. కొందరికి దీని బదులు నైట్రోగ్లిజరిన్, ఐలోప్రోస్ట్ వంటివి ఇస్తారు, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ కలుపుతారు. ఎర్గోటమైన్ నాళాలని ఒకసారి పట్టుకుంటే ఒక రోజుకి పైగా వదలకపోవచ్చు. పాదం పైన చెయ్యి పెడితే వెచ్చదనం తగులుతోందా, నాడి అందుతోందా అని నర్సులు పదేపదే చూసేది అందుకే.

మీరు చెయ్యాల్సింది ఒకటుంది. తలనొప్పి రాకుండా ప్రొప్రనలాల్ కూడా వాడుతోందేమో అడిగి డాక్టరుకి ఇప్పుడే చెప్పండి, అది ఈ బిగుతుని ఇంకా పెంచగలదు. పొగాకు అలవాటుంటే అదీ దాచొద్దు. ఎర్గోటమైన్ ఆమెకి మళ్లీ వద్దు, తలనొప్పికి వేరే మందు న్యూరాలజిస్టు రాస్తారు. ఇంట్లో మిగిలిన ఆ మాత్రల షీటు ఉంటే ఆమె డిశ్చార్జి అయ్యి వచ్చేలోపే తీసేయండి.