గ్రాఫు భద్రంగానే ఉంది, తలభాగం లేదు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా మామగారు లెక్కల లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. 1996లో థీసిస్ కోసం మ్యాథమేటికా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో గీసిన 23 గ్రాఫులు ఈపీఎస్ ఫైళ్ళుగా సీడీలో దాచుకున్నారు. ఆయన నోట్సును చిన్న పుస్తకంగా వేయిద్దామనుకున్నాం. ఈ ఈపీఎస్ ఫైళ్ళను వర్డ్ తీసుకోవడం లేదు. ప్రింటింగ్ షాపులో ఇస్తే గ్రాఫు రాలేదు, ప్రతి కాగితం మీదా ‘అన్‌డిఫైన్డ్, మ్యాథ్‌పిక్చర్‌స్టార్ట్’ అని ఒక ఎర్రర్ లైను మాత్రం పడింది. ఫైళ్ళు పాడైపోయాయి, పాత థీసిస్‌ని ఫోన్‌తో ఫొటో తీసి అతికించుకోండి అన్నారు. మామగారు మనసు కష్టపెట్టుకున్నారు. ఏదైనా దారి ఉందా?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: అమ్మా, ఫైళ్ళు పాడవలేదని ముందు మామగారికి చెప్పండి. సీడీ పాడైతే ఒక ఫైలు తెరుచుకుంటుంది, ఇంకోటి అసలు కాపీయే కాదు. 23 ఫైళ్ళూ ఒకే మాట దగ్గర ఆగుతున్నాయంటే వాటన్నిటికీ ఒకటే లోటు ఉంది. అదేమిటో ఆ ఎర్రర్ లైనే చెప్పేసింది.

ఈపీఎస్ ఫైలు బొమ్మ కాదు, ప్రింటరుకు రాసిన ప్రోగ్రాము. ‘ఇక్కడికి జరుగు, అక్కడిదాకా గీత గియ్యి’ అని పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో రాసి ఉంటుంది. ఆ రోజుల్లో మ్యాథమేటికా గ్రాఫును తన సొంత పొట్టి మాటల్లో రాసేది. వాటి అర్థాలు వేరే తలభాగంలో ఉండేవి. పాత కిరాణా కొట్టు పద్దు పుస్తకంలో షావుకారి గుర్తుల్లాంటివే అవి, అర్థం తెలిసిన మనిషి పక్కన లేకపోతే చదవలేం. మీ ఫైళ్ళలో ఆ తలభాగం లేదు. మ్యాథ్‌పిక్చర్‌స్టార్ట్ అనేది గ్రాఫు మొదలయ్యే మాట. ప్రింటరు మొదటి మాట దగ్గరే ‘ఇదేమిటో నాకు తెలీదు’ అని ఆగిపోయింది.

ఇది నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. 1998లో విజయనగరం గంట స్తంభం దగ్గర నాకు డీటీపీ సెంటరు ఉండేది. బొబ్బిలి నుంచి ఒక లెక్చరర్ గారు ఇలాంటి గ్రాఫు ఉన్న ఫ్లాపీ తెచ్చారు. మా ప్రింటరుకు పోస్ట్‌స్క్రిప్ట్ రాదు. ఫైలు పంపగానే గ్రాఫుకు బదులు అక్షరాలూ అంకెలూ కాగితం మీద కాగితం దిగడం మొదలెట్టాయి. నలభై కాగితాలయ్యాక ప్లగ్ పీకేశాను. ఆయన ముఖం చూసి నాకే బాధేసింది. ఆ కాగితాలు పారెయ్యకుండా రాత్రి కూర్చుని చదివాను. పైన %%యాస్పెక్ట్‌రేషియో అని, పక్కన .61803 అని ఉంది. లెక్కలు చెప్పినవాణ్ణి కదా, ఆ అంకె చూడగానే ప్రాణం లేచొచ్చింది. గోల్డెన్ రేషియో! గ్రాఫు ఎత్తు వెడల్పులో అంత ఉండాలని. అంటే గ్రాఫు మొత్తం అక్కడే ఉంది.

మీరు కూడా ఒక ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. కాపీ తీసుకుని దాని మీదే పని చెయ్యండి, అసలును ముట్టుకోవద్దు. మామగారి దగ్గర నోట్‌బుక్ ఫైళ్ళు, అంటే గ్రాఫుల లెక్కలున్న మ్యాథమేటికా అసలు ఫైళ్ళు కూడా ఉండి, ఇప్పటి మ్యాథమేటికాలో తెరుచుకుంటే, పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్యడం అన్నిటికన్నా తేలిక. అవి లేకపోతే, ఆ పాత వెర్షన్‌తో పాటు పీఎస్‌ఫిక్స్ అనే చిన్న ప్రోగ్రాము వచ్చేది, తలభాగం అతికించడమే దాని పని. అదీ దొరక్కపోతే అదే వెర్షన్‌లో చేసిన, సరిగ్గా ప్రింటయ్యే ఫైలు ఒక్కటి సంపాదించండి. అందులో %%యాస్పెక్ట్‌రేషియో లైనుకు పైనున్నదంతా కాపీ చేసి మీ ఫైలు నెత్తిన పెట్టండి. ఆ ఫైలు చివర్లో మ్యాథ్‌పిక్చర్‌ఎండ్ తర్వాతున్న లైన్లు కూడా తెచ్చి మీ ఫైలు చివర చేర్చండి. వాటిలో షోపేజ్ అనే మాట ఉంటుంది, అది లేకపోతే గ్రాఫు గీసినా కాగితం బయటికి రాదు.

రెండు చోట్ల జాగ్రత్త. ఫైలులో మొట్టమొదటి రెండు గుర్తులు %! అయి ఉండాలి, వాటి ముందు ఖాళీ కూడా ఉండకూడదు. %%బౌండింగ్‌బాక్స్ లైనులోని నాలుగు అంకెలు గ్రాఫు హద్దులు. అంగుళానికి 72 పాయింట్ల లెక్క, ఏ4 కాగితం 595, 842. వెడల్పు 360 అనుకుంటే, .61803తో గుణిస్తే ఎత్తు దాదాపు 222.5, పైకి సవరిస్తే 223 వస్తుంది. ఈ అంకెలు తప్పితే గ్రాఫు హద్దు దగ్గర తెగిపోతుంది, లేదా బయటికి పోయి తెల్లకాగితం వస్తుంది.

తర్వాత ఉచితంగా దొరికే ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాముతో పీడీఎఫ్ చేసుకోండి. ఈపీఎస్‌లో ప్రోగ్రాము ముసుగులో హాని చేసే కోడ్ రావచ్చని మైక్రోసాఫ్ట్ 2017లో ఆఫీస్‌లో దాన్ని ఆపేసింది, అందుకే వర్డ్ తీసుకోవడం లేదు. గ్రీకు అక్షరాల చోట వేరే గుర్తులు కనిపిస్తే ఫాంట్ల లోపం, మ్యాథమేటికా ఫాంట్లు వేసి మళ్ళీ చెయ్యండి.

ఫొటో మాత్రం అతికించొద్దమ్మా. సన్న గీతలు అలుక్కుపోతాయి. ఆయన ఒక్కో గీత లెక్కకట్టి గీశారు.

ప్రశ్న: మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో 500×500 గ్రిడ్‌తో త్రీడీ సర్ఫేస్ గీశాను. పీడీఎఫ్ ప్రింటుకిస్తే మెమరీ ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.
– పరిశోధక విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: బాబూ, ఆ గ్రిడ్‌లో 499×499, అంటే 2,49,001 ముక్కలు. ఒక్కో ముక్కనూ ప్రింటరు విడిగా రంగు నింపాలి. గ్రిడ్‌ని 100×100కి తగ్గిస్తే 9,801 ముక్కలే, చాలా గ్రాఫులకు కంటికి తేడా తెలీదు. తగ్గించడం కుదరకపోతే ఎక్స్‌పోర్ట్‌గ్రాఫిక్స్ కమాండ్‌లో కంటెంట్‌టైప్‌ను ఇమేజ్‌గా పెట్టి, రిజొల్యూషన్ 600 ఇవ్వండి, అప్పుడు ముక్కలన్నీ కలిసి ఒకే బొమ్మగా వెళ్తాయి. ఆ కమాండ్ మ్యాట్‌ల్యాబ్ ఆర్2020ఎ వెర్షన్ నుంచి ఉంది. మామూలు గీతల గ్రాఫులకు మాత్రం వెక్టరే, అంటే గీతలుగానే ఉంచండి. రివ్యూకి రెండు రోజుల ముందే ఒక కాపీ ప్రింటు తీసి చూసుకోండి, స్క్రీన్ మీద బాగుందని ఊరుకోవద్దు.