మాట ఎలా ముగిస్తున్నారో చూసుకోండి

కొత్త ఆఫీసులో రెండు నెలలుగా అందరితో కలివిడిగా మాట్లాడుతున్నా ఎవరికీ గుర్తుండట్లేదన్నారు కదా. మాటలు తక్కువై కాదండీ, బహుశా ఎక్కువై. నాదీ ఒకప్పుడు అదే జబ్బు. లంచ్‌లో ఎవరైనా "అమ్మకి మోకాలి ఆపరేషన్" అనగానే మా పెద్దమ్మ ఆపరేషన్ కథ ఎత్తుకునేవాణ్ణి. ఇప్పుడు నోరు మూసుకుని వింటాను. వారం తర్వాత కనబడితే "అమ్మగారు నడుస్తున్నారా?" అని అడుగుతాను. ఆ మొహం చూడాలి అప్పుడు!

ఇంకోటి, ముగింపు. మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్ బృందం ఒక ప్రయోగం చేసి 1993లో ప్రచురించింది. బాగా చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టడం ఒక విడత. అదే 60 సెకన్లకు, చల్లదనం కాస్త తగ్గిస్తూ మరో 30 కలిపింది రెండోది. మళ్లీ ఏది చేస్తారంటే ఎక్కువమంది రెండోదే అన్నారు! చివర కాస్త నయంగా ఉంది కదా మరి, గుర్తుండిపోయింది అదే. మాటలకీ అంతే. అందుకే ఫోన్ చూసుకుంటూ "సరే మరి" అని లేచిపోకండి. పేరు పెట్టి పిలిచి, కళ్లలోకి చూసి వెళ్లొస్తానని చెప్పండి.