మీ ప్రశ్న – మా సమాధానం: దూరదర్శన్ పాత ధారావాహికలను ఇంట్లో మళ్లీ చూడాలంటే

దూరదర్శన్ ధారావాహికలను డిస్కుల్లోనూ, దాచుకున్న క్యాసెట్లలోనూ మళ్లీ చూస్తున్నామంటూ ఇటీవల చాలామంది పాఠకులు రాశారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ఎక్కువమందికి పనికివచ్చే ప్రశ్నలను ఈ సంచికలో తీసుకున్నాం.

ప్రశ్న: మా నాన్నగారి కోసం రామానంద్ సాగర్ ‘రామాయణ్’ డీవీడీల సెట్టు కొన్నాం. కొత్త టీవీలో పెడితే పాత్రలన్నీ పొట్టిగా, లావుగా కనిపిస్తున్నాయి. బాణాలు వేసే చోట, రథాలు కదిలే చోట అంచుల్లో సన్నని గీతలు వస్తున్నాయి. మాకు నకిలీ డిస్కులు అంటగట్టారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: మీరు చెప్పిన రెండు లక్షణాలనుబట్టి డిస్కులు నకిలీవని అనలేము. ఆ రోజుల్లో టీవీ తెర వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలో ఉండేవి, ఇప్పటి తెరలు 16:9 నిష్పత్తిలో ఉంటున్నాయి. పాత బొమ్మను తెర నిండా పరచమని టీవీకి చెబితే అది ప్రతి మనిషినీ మూడోవంతు అదనపు వెడల్పుతో చూపిస్తుంది. రిమోట్‌లో ‘పిక్చర్ సైజ్’ అనో ‘ఆస్పెక్ట్ రేషియో’ అనో ఉండే చోటికి వెళ్లి 4:3 ఎంచుకోండి. రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి, వాటిని అలాగే ఉండనివ్వండి. పట్టీలు ఇష్టం లేక ‘జూమ్’ పెట్టుకునేవారు చాలామంది ఉన్నారు కానీ, దానివల్ల బొమ్మలో పైనా కిందా కలిపి నాలుగోవంతు పోతుంది. దశరథుడి కొలువులో ఎవరో వంగి పాదాలకు నమస్కరించే దృశ్యాన్ని జూమ్‌లో చూడండి: పైన కిరీటం తెగుతుంది, కింద పాదాలు కనబడవు, మిగిలేది నడుములు మాత్రమే. ఆ దృశ్యాన్ని కూర్చినవారు కిరీటం నుంచి పాదం వరకూ కనిపించాలనే కూర్చారు.

ఇక గీతల సంగతి. మన దేశపు పాత ప్రసార పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు ఉండేవి, ఒక్కో బొమ్మనూ బేసి వరుసలుగా ఒకసారి, సరి వరుసలుగా ఒకసారి, అంటే సెకనుకు 50 విడతలుగా పంపేవారు. పాత గాజు తెర టీవీ వాటిని వచ్చినవి వచ్చినట్టే గీసేది. నేటి తెర రెండింటినీ కలిపి ఒకేసారి చూపబోతుంది, ఈ లోపల బాణం ముందుకు కదిలిపోయి ఉంటుంది కాబట్టి అంచు దువ్వెన పళ్లలా చీలుతుంది. మీ డీవీడీ ప్లేయరులో ‘ప్రోగ్రెసివ్ స్కాన్’ ఉంటే వేసి చూడండి. కంప్యూటర్‌లో చూసేవారు వీఎల్‌సీ ప్లేయరు వీడియో మెనూలో ‘డీఇంటర్‌లేస్’ ఆన్ చేస్తే చాలావరకు పోతుంది. మరొక మాట కూడా చెప్పాలి. డీవీడీలో ఉండే బొమ్మకు 576 వరుసలే, 4కే టీవీకి 2160 వరుసలు. లేని వివరాన్ని పుట్టించడం టీవీ వల్ల కాదు కాబట్టి ‘షార్ప్‌నెస్’ను బాగా తగ్గించి, కదలికలను నున్నగా చేసే సదుపాయాన్ని ఆపేసి, నాన్నగారి కుర్చీని కాస్త వెనక్కి జరపండి.

ప్రశ్న: పాత సెట్టు కొనేముందు పూర్తిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? వీసీడీ తీసుకున్నా ఫరవాలేదా?
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: డీవీడీ దొరికే పక్షంలో వీసీడీ వద్దు. వీసీడీ బొమ్మలో 352 నిలువు, 288 అడ్డ వరుసలే ఉంటాయి, డీవీడీలో 720, 576 ఉంటాయి. అంటే వివరం నాలుగోవంతే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకూ, డీవీడీని 34 రూపాయలకూ అమ్మడంతో మధ్యతరగతి ఇళ్లలో డిస్కుల అరలు వెలిశాయి. ఆ సంస్థ తర్వాత దివాలా తీసింది. అందువల్ల ఇప్పుడు మన చేతికి వచ్చేవి చాలావరకు చేతులు మారిన డిస్కులే.

సెట్టు మీద ముందుగా ఎపిసోడ్ల సంఖ్య చూడండి. ‘రామాయణ్’కు 78, బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’కు 94, శ్యామ్ బెనెగల్ ‘భారత్ ఏక్ ఖోజ్’కు 53 ఉండాలి. ‘రామాయణ్’ పట్టాభిషేకంతో ముగుస్తుంది, లవకుశుల కథ ఆ తర్వాత వేరే ధారావాహికగా వచ్చింది కనుక దాని సెట్టూ వేరే. ‘చివరి డిస్కులు ఇవ్వలేదు’ అని దుకాణదారుతో తగువు పడినవారి ఉత్తరం ఒకటి మా దగ్గరే ఉంది, తప్పు దుకాణదారుది కాదు. తర్వాత మొత్తం నిడివిని డిస్కుల సంఖ్యతో భాగించండి. మామూలు 4.7 గిగాబైట్ల డిస్కులో రెండు గంటల దృశ్యం చక్కగా పడుతుంది. అయిదారు గంటలు కుక్కి ఉంటే యుద్ధ దృశ్యాల్లో దుమ్ము లేచినప్పుడల్లా బొమ్మ చతురస్రాలుగా విరిగిపోవడం ఖాయం.

కుదింపు కూర్పుల విషయంలో మా అభిప్రాయం గట్టిది: వాటి జోలికి వెళ్లకండి. ‘మహాభారత్’లో హరీశ్ భిమానీ గొంతుతో కాలపురుషుడు చెప్పే మాటలను కథకు అడ్డమని తీసేస్తే, ఒక ఘట్టానికీ మరొక ఘట్టానికీ మధ్య రాహీ మాసూమ్ రజా రాసిన ఆలోచనంతా పోతుంది. ‘హమ్ లోగ్’ ప్రతి భాగం చివర అశోక్ కుమార్ వచ్చి ప్రేక్షకులతో ముచ్చటించేవారు. ఆ ముచ్చట లేని ‘హమ్ లోగ్’ సగం ‘హమ్ లోగే’.

ప్రశ్న: మా పిల్లలు ఎనిమిది, పది తరగతులు చదువుతున్నారు. వారితో కలిసి ‘భారత్ ఏక్ ఖోజ్’ చూడాలనుకుంటున్నాను. హిందీ అంతంతమాత్రం. వారికి పట్టుబడుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, కరీంనగర్

సమాధానం: ఈ శీర్షికకు వచ్చిన ప్రశ్నల్లో మాకు అన్నిటికంటే సంతోషం కలిగించినది ఇదే. 1942లో అరెస్టయిన నెహ్రూ అహ్మద్‌నగర్ కోటలో ఖైదీగా ఉండగా రాసిన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ దీనికి ఆధారం. బెనెగల్ ఆ గ్రంథాన్ని వరుసగా బొమ్మలకు ఎక్కించలేదు. నెహ్రూ పాత్రలో రోషన్ సేఠ్ మనవైపు చూసి మాట్లాడతారు, ఓం పురి గొంతు చరిత్రను చెబుతుంది, ఆ రెండింటి మధ్య ఆయా కాలాల నాటకాలు, కావ్యాలు, జానపద కళారూపాలు ఆ కాలపు కథను తామే చెబుతాయి. మహాభారత ఘట్టాలకు ఛత్తీస్‌గఢ్ కళాకారిణి తీజన్ బాయి పండవానీని, అంటే పాండవుల కథను పాడుతూ అభినయిస్తూ చెప్పే జానపద కళను వాడుకోవడం చూడండి. బుర్రకథ చూస్తూ పెరిగిన మన ప్రాంతపు వారికి, చేతిలో తంబూరతో ఒకే మనిషి క్షణంలో భీముడిగానూ మరుక్షణంలో ద్రౌపదిగానూ మారిపోవడం కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్ భాషలో ఒక్క మాట తెలియకపోయినా కథ అర్థమవుతుంది. పిల్లలకు ముందు ఈ భాగాలు చూపించండి.

నటీనటుల విషయం పిల్లలకు ఒక ఆటగా కూడా పనికివస్తుంది. పరిమిత నటబృందమే శతాబ్దాలు దాటుకుంటూ వస్తుంది. సలీం గౌస్ రాముడూ ఆయనే, కృష్ణుడూ ఆయనే, టిప్పు సుల్తానూ ఆయనే. ఓం పురి ఔరంగజేబుగా కనిపిస్తారు, నసీరుద్దీన్ షా శివాజీగా వస్తారు. ఏ భాగంలో ఎవరు ఎవరో గుర్తుపట్టమని చెబితే పిల్లలు తెర మీద నుంచి కళ్లు తిప్పరు.

శీర్షిక గీతాన్ని దాటవేయనివ్వకండి. వన్‌రాజ్ భాటియా స్వరపరచిన ఆ గీతం ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం. సృష్టికి ముందు ఏముండేదో ఎవరికి తెలుసు అని అడిగే ఆ సూక్తం మొదట సంస్కృతంలో వినిపించి, తర్వాత వసంత్ దేవ్ హిందీ అనువాదంలోకి మారుతుంది. చరిత్ర చెప్పబోయే ధారావాహిక ప్రతి వారం ఒక సందేహంతో మొదలవడంలో ఎంత వినయం ఉందో పదో తరగతి పిల్లలకు తప్పక తెలుస్తుంది.

తరువాత విజయనగర పతనం భాగానికి వెళ్లండి. తళ్లికోట యుద్ధం మన పిల్లలకు 1565 అనే అంకెగానే తెలుసు. ఆ భాగం చూశాక పటం తెరిచి హంపీనీ, రాజధాని తరలివెళ్లిన పెనుకొండనూ చూపిస్తే ఆ చరిత్ర మన అనంతపురం దారుల్లోకే నడిచివస్తుంది. భాష విషయానికి వస్తే, ఓం పురి వ్యాఖ్యానం సంస్కృత పదాలు ఎక్కువగా ఉన్న హిందీ కాబట్టి తెలుగువారికి నిత్య వ్యవహార హిందీ కన్నా సులువుగానే అందుతుంది. మొఘలుల కాలపు భాగాల్లోని ఉర్దూకు మాత్రం మధ్యలో ఆపి మీరు వివరించవలసి రావచ్చు. ఒక జాగ్రత్త కూడా అవసరం. ఇది 1940లలో రాసిన పుస్తకం ఆధారంగా 1988లో ప్రసారమైన ధారావాహిక. పురావస్తు పరిశోధన ఆ తర్వాత చాలా ముందుకు వెళ్లింది. పాఠ్యపుస్తకంతో తేడా వచ్చిన చోట పిల్లలనే వెతకమనండి. డిస్కులు దొరకకపోతే ప్రసార భారతి వారి యూట్యూబ్ ఛానల్లో భాగాలు ఉన్నాయి.

ప్రశ్న: అందరూ పొగిడారని సెలవుల్లో ‘మహాభారత్’ రోజుకు పది ఎపిసోడ్ల చొప్పున చూశాను. నత్తనడకలా అనిపించింది. నిజంగానే అంత గొప్పదా, లేక పెద్దవాళ్ల జ్ఞాపకాల మోజా?
– ఒక విద్యార్థి, వరంగల్

సమాధానం: మీకు విసుగు కలిగించినది ధారావాహిక నడక కాదు, మీరు చూసిన పద్ధతి. 1988 అక్టోబరు 2న మొదలై 1990 జూన్ 24 వరకు వారానికి ఒక్కసారి, ఆదివారం ఉదయం వచ్చిన కథ అది. వారం క్రితం ఏం జరిగిందో గుర్తుచేయవలసిన అవసరం రచయితకు ఉంది. ఒక చూపు మీద, ఒక శంఖనాదం మీద ఆపి తర్వాతి ఆదివారం దాకా ఇంటింటా చర్చకు విడిచిపెట్టవలసిన అవసరమూ ఉంది. పది భాగాలు వరుసగా చూసినవారికి ఆ గుర్తుచేయడాలు పునరుక్తిగా, ఆ ఆగడాలు సాగదీతగా కనిపిస్తాయి. ద్యూతసభ భాగాల నుంచి మళ్లీ మొదలుపెట్టి, వారానికి రెండుకు మించకుండా చూడండి. సెట్టింగుల అట్టతనం, బాణాలు ఢీకొనే మెరుపులు నేటి కంటికి ఆనవని ఒప్పుకోవలసిందే. సంభాషణలు మాత్రం ఇప్పటికీ సాటిలేనివి.

ప్రశ్న: మా ఇంట్లో 1988 నాటి వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉన్నాయి. ‘మాల్గుడి డేస్’ మా పెదనాన్న టీవీ నుంచి రికార్డు చేశారు. కొన్నిటి మీద తెల్లటి మచ్చలున్నాయి. కాపాడుకునే దారి చెప్పండి.
– ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: తెల్లటి మచ్చలు బూజు. సముద్రతీరపు చెమ్మకు టేపు మీద అది పెరుగుతుంది. ఆ క్యాసెట్టును వీసీఆర్‌లో అసలు పెట్టకండి. పెడితే టేపూ చెడుతుంది, వీసీఆర్ హెడ్డుకు అంటిన బూజు మంచి క్యాసెట్లకూ పాకుతుంది. వాటిని వేరు చేసి, శుభ్రం చేయడం తెలిసినవారికే ఇవ్వండి. మచ్చలు లేనివాటిని ముందు చివరిదాకా ఒకసారి ముందుకూ, మళ్లీ వెనక్కూ తిప్పి అప్పుడు ప్లే చేయండి. క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేస్తే పొరపాటున కూడా దానిమీద మరొకటి రికార్డు కాదు. వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన చివరి సంస్థ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లో ఆపేసింది కాబట్టి ఈ పని వాయిదా వేయదగినది కాదు. కంప్యూటర్‌లోకి ఎక్కించేవారిని 720, 576 వరుసల పూర్తి పరిమాణంలోనే ఎక్కించమనండి, ఫోనుకు సరిపోయేట్టు చిన్నది చేసి ఇస్తే ఒప్పుకోకండి. రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో ప్రతులు ఉంచండి.

మధ్యలో వచ్చిన ప్రకటనలను, ‘రుకావట్ కే లియే ఖేద్ హై’ (అంతరాయానికి చింతిస్తున్నాం) పలకలను దయచేసి కత్తిరించవద్దు. శంకర్ నాగ్ ఆగుంబెలో తీసిన ఆ భాగాలు, ‘ఆనంద భైరవి’తో మనకు ఆత్మీయుడైన గిరీశ్ కర్నాడ్ స్వామి తండ్రిగా కనిపించే ఆ దృశ్యాలు, ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలు డిస్కుల్లోనూ దొరుకుతాయి. ఆ రోజు ఆ ఇంట్లో టీవీ ఏం చూపించిందో మీ పెదనాన్నగారి టేపులో మాత్రమే ఉంది. ఇంటి అవసరానికి దాచుకోండి గాని, ప్రతులు తీసి అమ్మవద్దు. మన చట్టంలో చలనచిత్రాల హక్కు ప్రదర్శించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది.

ప్రశ్న: ఇండియా నుంచి తెచ్చుకున్న డిస్కులు ఇక్కడి ప్లేయరులో ఆడటం లేదు.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: డిస్కు వెనక చూడండి. మన దేశం డీవీడీల అయిదో ప్రాంతం, అమెరికా ఒకటో ప్రాంతం. ‘ఆల్ రీజియన్స్’ అని ఉన్నా ‘పాల్’ అనే మన టీవీ ప్రసార పద్ధతిని అక్కడి పాత ప్లేయర్లు కొన్ని చదవలేవు. అన్ని ప్రాంతాలకూ, మన పద్ధతికీ అక్కడి పద్ధతికీ పనిచేసే ప్లేయరు కొనుక్కోవడం, లేదా కంప్యూటర్‌లో వీఎల్‌సీతో చూడటం మార్గం.

ప్రశ్న: హిందీ ధారావాహికలన్నీ దొరుకుతున్నాయి. హైదరాబాద్ దూరదర్శన్ తెలుగు నాటికలు, ధారావాహికలు ఎందుకు దొరకవు?
– పలువురు పాఠకులు

సమాధానం: ఈ ప్రశ్న అడిగినవారి బాధే మాదీ. 1975-76లో ఉపగ్రహం ద్వారా గ్రామాలకు ప్రసారాలు పంపిన ‘సైట్’ ప్రయోగంలో మన పల్లెలూ ఉన్నాయి, 1977లో హైదరాబాద్ కేంద్రం వచ్చింది. అంటే మనకు టీవీ చరిత్ర తక్కువేమీ కాదు. ‘రామాయణ్’, ‘మహాభారత్’ వంటివాటికి వెనక నిర్మాణ సంస్థలు ఉన్నాయి, మాస్టర్ టేపులను అవి దాచుకున్నాయి, దేశమంతా కొనేవారు ఉన్నారు కాబట్టి డిస్కులు వేసుకున్నాయి. కేంద్రంలోనే తయారైన నాటికకు అలాంటి యజమాని ఉండడు. టేపు ఖరీదైన కాలంలో పాతదాన్ని చెరిపి కొత్తది రికార్డు చేయడం ప్రపంచమంతటా ఉన్న అలవాటు, బీబీసీ అంతటి సంస్థ కూడా ‘డాక్టర్ హూ’ భాగాలు ఎన్నిటినో అలాగే పోగొట్టుకుంది. ఆ తర్వాత వాటిలో కొన్ని విదేశీ కేంద్రాల్లోనూ, వ్యక్తుల దగ్గరా బయటపడ్డాయి.

అందుకే ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందో బ్రహ్మ’, మంజులా నాయుడు ‘ఋతురాగాలు’ వంటివాటిని ఎవరైనా ఇంట్లో రికార్డు చేసి ఉంటే వాటి విలువ హిందీ క్యాసెట్ల కన్నా ఎక్కువ. ఇప్పుడు దూరదర్శన్ వారి యాదగిరి, సప్తగిరి ఛానళ్ల యూట్యూబ్ పేజీల్లోనూ, ప్రసార భారతి 2024 నవంబరులో ప్రారంభించిన ‘వేవ్స్’ ఓటీటీలోనూ ముందు వెతకండి. అక్కడ లేనిది మీ దగ్గర ఉంటే, కాకినాడ పాఠకుడికి చెప్పిన జాగ్రత్తలు తీసుకుని, క్యాసెట్ పెట్టె మీద కార్యక్రమం పేరు, ప్రసారమైన తేదీ, గుర్తున్న నటీనటుల పేర్లు రాసి మాకు తెలియజేయండి. అలా వచ్చిన వివరాలను రాబోయే సంచికల్లో ఇదే శీర్షికలో ప్రచురిస్తాం.